నాలుగు జవాబుల మనిషి

నేను రాసిచ్చిన అర్జీకి ఆయన మూడేండ్లు జవాబియ్యలేదు. ముట్టినట్టు దస్కత్ పెట్టిండు. తారీఖు వేసిండు. కాగితం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబుల, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టుకున్నడు. జవాబు మాత్రం ఇయ్యలేదు. నడుమ రాష్ట్రమొచ్చింది, జవాబు రాలేదు.

మెదక్ తాసిల్ ఆఫీసు గోడ పక్కన రేకుల డబ్బాల కూసోని నలభై ఏండ్లు అర్జీలు రాసినోన్ని నేను. పాసుబుక్కుల పేరు తప్పులు, పింఛన్లు, పొలం గెట్టు పంచాయితీలు. ఏ ఆఫీసు ఎన్నాళ్లకు జవాబిస్తది, ఎన్నిసార్లు రాస్తె ఇస్తది, నాకు నోటికెరుక. మా జిల్లాకు పేరేమో మెదక్‌ది, కలెక్టర్ కచేరి ఏమో సంగారెడ్డిల. ఒక్క కాగితం ఇచ్చి రావాలంటె పొద్దంత బస్సులనే గడుస్తుండె. దీని మీద సుత నేను రాసిన. దానికి సుత జవాబొచ్చింది, పరిశీలిస్తమని. గసొంటిది, చర్చి గేటు కాడ కంప్యూటర్ బడి నడిపేటాయన కాడ నేను ఓడిపోయిన.

ఆయన పోయిన నెల కాలం చేసిండు. చర్చి గంట మోగితె, ఎవరని అడిగితె చెప్పిండ్రు. చెయ్యిల ఉన్న కలం కింద పెట్టిన. తర్వాత నాకు మొదలొచ్చింది దుఃఖం కాదు, కోపం. ఇగ జవాబెవరిస్తరు?

ఆయన పేరు రాస్తలేను. రాస్తె ఆయన తరఫోళ్లెవరన్న నా మీద అర్జీ పెడితె, అది సుత నా కాడికే వచ్చి రాయించుకుంటరు. ఊరంత ఆయనను సార్ అంటుండె. నేను ఆయన కంటె ఇరువై ఏండ్లు పెద్ద, మామూలుగ తమ్మీ అంటుంటి, కోపమొచ్చినప్పుడు సార్ అంటుంటి. లెక్క తీస్తె సార్ అన్న సందర్భాలే ఎక్కువ. ఆయన నన్ను ఎప్పటికీ మున్షీ సాబ్ అనేటోడు.

మొదట ఆయనది టైపు ఇన్‌స్టిట్యూట్. ఎల్దుర్తి, అల్లాదుర్గ్ దిక్కుల పోరగాండ్లంత సైకిళ్లేసుకోని వచ్చి నేర్చుకునేటోళ్లు. తర్వాత దేశానికి కొత్త గాలి తగిలింది, టైపు మిషన్లు తుక్కుల పోయినయి, గదే గదిల కంప్యూటర్లొచ్చినయి. మనిషి మారిండు గాని చేతులు మారలేదు. కంప్యూటర్ బటన్లను టైపు మిషన్ మీద కొట్టినట్టే కొట్టేటోడు, బల్ల ఊగేది. వరస అయిపోంగనె ఎడమ చెయ్యి దానంతటదే లేసి, లేని టైపు మిషన్ పిడిని పక్కకు నూకేది. కొత్తోళ్లు చూసి, ఈగను తోలుతున్నడనుకునేటోళ్లు. నాకెరుక. నాది సుత గదే బడి. నాకు చదువు చెప్పినోడు లేడు. దుకాణం బోర్డులు చూసి తెలుగు, ఒక ముసలి గుమస్తా ఎమ్మటి తిరిగి ఉర్దూ, పారేసిన సర్కారు కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్న. టైపు మాత్రం ఆయన కాడ నేర్చుకున్న. అందుకె ఎంత కోపమొచ్చినా ఆయన చెయ్యి లేసినప్పుడు నా చెయ్యి సుత లేస్తుండె.

ఆయన కూసోని పని చేసుడు నేను చూడలే. నిలబడి, నడుం ఒంచి చేస్తుండె. ముందు దస్తీతోని రెండు చేతులు తుడుసుకునేటోడు. పని అంత అయినంక, ఆఖరు బటన్ కొట్టే ముందు, ఒక్క క్షణం కండ్లు మూసుకునేటోడు. ఒకనాడు అడిగిన.

"తమ్మీ, గీ ఒక్క బటన్‌కు సుత ప్రార్థననా?"

"ప్రార్థన కాదు మున్షీ సాబ్. కండ్లు మండుతయి."

ఆయనకు ఒకటే నమ్మకముండె. ఏ కంప్యూటర్‌కన్న నెట్టు వస్తున్నదా లేదా చూడాలంటె, నల్ల తెర మీద ఒక మాట కొట్టి అవతలిదాన్ని పిలిచేటోడు. పిలిస్తె అవతలి నుంచి నాలుగు జవాబులు రావాలె, నాలుగు వరసలల్ల. వాటి కోసం చెవి తెరకు ఆనిచ్చి నిలబడేటోడు, అదేదో చప్పుడు చేస్తదన్నట్టు.

"నాలుగొస్తెనే వచ్చినట్టు మున్షీ సాబ్. మూడొస్తె నేను చాయ ముట్ట."

నిజంగనే ముట్టకపోయేది. చాయ చల్లారి మీగడ కట్టేది. నాలుగో జవాబొచ్చినంక అదే చల్ల చాయ సాసర్ల పోసుకోని, వేడిదాన్ని ఊదినట్టు ఊది తాగేటోడు. యంత్రాల మెడలు వంచి నాలుగేసి జవాబులు గుంజిన మనిషి, నాకు ఒక్కటియ్యలేకపోయిండా అని నా బాధ.

అసలు పంచాయితీ గిది. నా పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది తెచ్చిన. నేను ఏండ్ల సంది అర్జీలు కొట్టిన తెలుగు సాఫ్ట్‌వేర్ పాతది, కొత్తదాంట్ల అది లేవనే లేవదు. ఆయన వచ్చి చూసి, "పాత కంప్యూటర్‌ను కొత్తదాని లోపలనే కూసోబెడ్త" అన్నడు. నవ్విన. గాని నిజంగనే చేసిండు. తెర మీద ఒక కిటికీ తెరిస్తె దాంట్ల నా పాత కంప్యూటర్ పాత రంగులతోని బతికే ఉన్నది. పెట్టెల పెట్టె. నా తెలుగు దాంట్ల మంచిగ పలికింది.

ఇగ బాధ ఎక్కడొచ్చిందంటె, లోపల తెలుగున్నది, బయట నెట్టున్నది. తెలుగుకు నెట్టు లేదు, నెట్టుకు తెలుగు లేదు. పెన్‌డ్రైవ్ పెడితె లోపలి పాతదానికి అది కనవడదు. అప్పటికే ఆఫీసులోళ్లు అర్జీలు మెయిల్ల పంపుండ్రి అనుడు మొదలువెట్టిండ్రు. మెయిల్ల పోతె సంగారెడ్డి బస్సు తప్పుతది. పోకపోతె, నా డబ్బా ముంగట నిలబడే జనం ఎదురుంగ కొత్తగ పెట్టిన నెట్ సెంటర్‌కు పోతరు, నేను గోడ పక్కన గోడనైత. లోపలి పెట్టెల నుంచి ఒక్క కాగితం బయటికి పోవాలె. నాకు గంతే కావాలె.

"అవుతదా తమ్మీ?"

"ఎందుకు గాదు? లోపలిది చుట్టం, బయటిది ఇల్లుగలాయన. చుట్టానికి సుత బజార్లకు తొవ్వ చూపెట్టాలె, గంతే. చుట్టానికి వేరే నెంబరిస్త."

నెట్టు మీద తిరిగే ప్రతి కంప్యూటర్‌కు ఇంటి నెంబరు లెక్క ఒక నెంబరుండాలెనట. బయటిదానికి చివర పది ఉన్నది. లోపలిదానికి పదకొండు వేసిండు. నాకు అక్కడ్నే ముల్లు గుచ్చుకున్నది.

"ఇల్లొకటే, డబ్బా ఒకటే, కరెంటు మీటరొకటే. రెండు నెంబర్లేంది?"

"ఇద్దరికి ఒకటే నెంబరుంటె, వచ్చిన ఉత్తరం ఎవరికియ్యాల్నో పోస్ట్‌మ్యాన్‌కు ఎట్ల తెలుస్తది మున్షీ సాబ్?"

"మా గల్లీల ఒకటే ఇంటి నెంబరు మీద ఆరు కాపురాలున్నయి. పోస్ట్‌మ్యాన్ ఎన్నడన్న తప్పిండా?"

"గా పోస్ట్‌మ్యాన్ మనిషి గదా."

"గిది మనిషి కంటె తెలివిగలది అని నువ్వే అంటివి."

ఆయన తల గోక్కోని, చుట్టం నెంబరు పదకొండు అట్లనే ఉంచి, పిలిచిండు. నాలుగు జవాబులొచ్చినయి. చాయ తాగిపోయిండు.

నేను కూసోని ఆలోచన చేసిన. ఒక్క ఇంటి మీద రెండు నెంబర్లు రాయించుకున్నోళ్ల రేషన్ కార్డులు ఎట్ల కొట్టేసిండ్రో, వాళ్లు నా ముంగట ఎట్ల ఏడ్సిండ్రో చూసినోన్ని. వాళ్ల అర్జీలు రాసినోన్ని. తప్పు నెంబరు మీద పంపిన కాగితం ఇయ్యాల ముట్టినా రేపు చెల్లదు. ఆయన నెంబరు వేసే చోటు చూసి పెట్టుకున్న గదా, పదకొండును కొట్టేసి పది చేసిన. వెంటనే కంప్యూటర్ ఇంగ్లీషుల ఒక ముక్క చూపెట్టింది. ఇదే అడ్రసు ఈ నెట్టు మీద ఇంకోదానికి సుత ఉన్నదట. ఉంటది మరి, ఒకటే ఇల్లాయె. కంప్యూటరే ఒప్పుకున్నదని సంబురపడి ఓకే కొట్టిన.

నెట్టు పోయింది.

ఆయనకు ఫోన్ చేసిన. వచ్చిండు. దస్తీ తీసిండు, చేతులు తుడుసుకున్నడు, చూసిండు.

"ఎవరన్న ముట్టిండ్రా మున్షీ సాబ్?"

"ఎవ్వలు ముట్టలే సార్."

అబద్ధం కాదు. ముట్టుడు వేరు, దిద్దుడు వేరు. తాసిల్ ఆఫీసుల ఏ గుమస్తానడిగినా గిదే చెప్తడు. ఆయన మల్ల పదకొండు చేసిండు, నాలుగు జవాబులొచ్చినయి, చాయ తాగిండు, పోయిండు. నేను అర్జీ పంపే ముందు మల్ల పది చేసిన. మల్ల నెట్టు పోయింది. గిట్ల తొమ్మిదిసార్లు వచ్చిండు. వైరు మార్చిండు. కరెంటు మీద అనుమానపడ్డడు. "దీనికి చెప్పింది యాదికుంటలేదు మున్షీ సాబ్, మతిమరుపు" అని లోపలి కంప్యూటర్‌ను మొత్తం తీసేసి మల్ల మొదటి నుంచి ఎక్కించిండు. పొద్దుగాల వచ్చిన మనిషి పొద్దుగూకినదాంక నిలబడి, నడుం పట్టుకోని పోయిండు. నాకు మాత్రం, ఆయన ఉన్నంతసేపు నెట్టుండుడు, ఆయన పోంగనె పోవుడు, చూసి చూసి ఒక అనుమానమొచ్చింది. గీ మనిషి నెట్టును జేబులేసుకోని పోతున్నడా ఏంది? జీరాక్స్ దుకాణమాయనతోని అన్న సుత. ఆయన ఊకుంటడా, బజారంత అన్నడు.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఉద్యోగాలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. తాసిల్ ఆఫీసు ముంగట నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. పెద్ద గంజుల పులిహోర కలుపుతున్నరు. ఆనాటి వినతిపత్రం రాసింది నేనే. తెలంగాణ ఎందుకియ్యాల్నో నాలుగు పేజీలల్ల రాసిన, ఒక్క అక్షరం తప్పు లేకుంట. బస్సు లేదు, టపా లేదు. మెయిల్ల పోవాలె. అది లోపలి పెట్టెల ఉన్నది. సమ్మె కమిటీ పెద్దమనిషి డబ్బా లోపలికి తలవెట్టి మాటమాటికి అడుగుతున్నడు.

"మున్షీ సాబ్, పోయిందా?"

"పోతున్నది."

"నిన్నటి సంది పోతున్నది అంటున్నవ్. నడిసిపోయినా సంగారెడ్డి చేరుతుండె గదనె."

సార్ కాడికి మనిషిని పంపిన. గది పదోసారి. జనంలకెల్లి నూక్కుంట వచ్చిండు. మల్ల పదకొండు. మల్ల నాలుగు జవాబులు. బయట గంజు కాడ ఎవరో చాయ పోసిస్తె సాసర్ తీసుకోని అక్కడ్నే నిలబడ్డడు. నేను వినతిపత్రం పంపుదామని కూసున్న. తెలంగాణ కాగితం, తప్పు నెంబరు మీద ఎట్ల పంపుత? తీసి పది చేసిన. తల లేపి చూస్తె, ఆయన సాసర్ మూతి కాడ పెట్టుకోని నన్నే చూస్తున్నడు.

చాయ ఊదుడు ఆపిండు.

"నెంబరు ఎవరు మారుస్తున్నరు మున్షీ సాబ్?"

"మారుస్తలేను. దిద్దుతున్న."

"రోజు దిద్దుతున్నరా?"

"తప్పు కనవడితె దిద్దకుంట ఎట్లుంట సార్?"

సాసర్ కింద పెట్టిండు. కండ్లు మూసుకున్నడు. ఎప్పటి లెక్క ఒక్క క్షణం కాదు, మస్తుసేపు.

"కండ్లు మండుతున్నయా?" అన్న.

"లేదు మున్షీ సాబ్. గిది ప్రార్థననే."

తర్వాత కండ్లు తెరిచి, మెత్తగ అన్నడు. "సరే. లోపలిదానికి పదే ఉండనీ. మీరన్నదే కానీ. మీరు పొద్దుగాల నుంచి ఏం తిన్నట్టు లేరు. పోయి జర పులిహోర తినిరాండ్రి. నేను చూస్తుంట."

తిని చెయ్యి కడుక్కోని వచ్చిన. తెర మీద నాలుగు జవాబులున్నయి. లోపలి కంప్యూటర్ నెంబరు చూసిన. పది. నేను పెట్టిన పదే.

"చూడుండ్రి, మీ పదే" అన్నడు.

"నేను మొదటి సంది చెప్తలేనా?"

వినతిపత్రం పోయింది. కమిటీ పెద్దమనిషి నా భుజం చరిచిండు. ఆనాటి నుంచి నెట్టు ఒక్క పూట పోలేదు. చాయ హోటల్ల, జీరాక్స్ దుకాణంల, పదిమందిల చెప్పిన. సార్‌తోని పదిసార్లకు కానిది నేను ఒక్క నెంబరుతోని చేసిన అని. చదువుకున్నోళ్లకు పుస్తకం తెలుస్తది, ఇల్లు తెల్వదు అని. జీరాక్స్ ఆయన సార్ ముంగటనే అన్నడు.

"సార్, మున్షీ సాబ్ కాడ జర ట్యూషన్ చెప్పించుకోరాదుండ్రి."

సార్ చల్ల చాయ ఊదుకుంట అన్నడు. "అవును, మున్షీ సాబే చేసిండు."

అంతటితోని ఆగలే. అల్లాదుర్గ్ తొవ్వల ఒక ప్రైవేటు బడోళ్లు, కంప్యూటర్లకు నెట్టు పెట్టాలంటె సార్‌ను కాదని నన్ను పిలిచిండ్రు. పోయిన. పన్నెండు కంప్యూటర్లు. బడి ఒకటే, పన్నెండిటికీ ఒకటే నెంబరు వేసి, శాలువ కప్పించుకోని వచ్చిన. మర్నాడు అడిగితె మంచిగ నడుస్తున్నయన్నరు. పొద్దుగాల ఎవరో వచ్చి దస్తీతోని చేతులు తుడుసుకోని పోయిండని, బడి ఆయమ్మ ఏదో చెప్పబోయింది. నేను విననట్టు ఊకున్న.

సార్ మాత్రం నా డబ్బా దిక్కు రావుడు బంద్ చేసిండు. నెల చూసిన. చాయ రెండు కప్పులు చెప్పి ఒకటి వాపస్ పంపుడు అలవాటైంది. ఇగ లాభం లేదని నేను చేసే పనే చేసిన. అర్జీ రాసిన. విషయం, సూచిక, అన్నీ పెట్టి. ఒకటి, తమరు పదిసార్లు వచ్చి పదకొండు వేయగా పనిచేయని నెట్టు, నేను పది వేయగా పనిచేసినది కావున, నా నెంబరే సరియైనదని ఒప్పుకొని రాతపూర్వకంగా తెలుపగలరు. రెండు, తమరు నా వద్దకు వచ్చుట మానిన కారణము తెలుపగలరు.

చర్చి గేటు కాడ ఆయన గదికి పోయి ఇచ్చిన. చదివిండు. ఒకసారి కాదు. ఆయన ఎడమ చెయ్యి లేసి, లేని పిడిని పక్కకు నూకింది.

"జవాబు నోటితోని చెప్పన్నా?"

"నోటిమాట చెల్లదు సార్. రాసియ్యుండ్రి."

"రాసిస్త మున్షీ సాబ్."

మూడేండ్లు. ఎక్కడ కనవడితె అక్కడ, చర్చి ముంగట, కూరగాయల కాడ, రాష్ట్రమొచ్చిననాడు రంగులు చల్లుకునే జనంల సుత, "జవాబు?" అన్న. "విచారణల ఉన్నది మున్షీ సాబ్" అన్నడు. గా మాట నా కాడ నేర్చుకున్నదే.

ఆఖరుకు దవాఖానల పడ్డడంటె పోయిన. మంచంల చిన్నగైండు. ఆడ నేనేం అడగలే. ఆయనే అన్నడు.

"విచారణ అయిపోయింది మున్షీ సాబ్. ఉత్తర్వు వెలువడేదున్నది."

"తొందరేం లేదు తమ్మీ."

ఆయన నవ్విండు, తమ్మీ అన్నందుకు కావచ్చు.

మొన్న సోమవారం ఆయన భార్య నా డబ్బా కాడికి వచ్చింది. ఆమె బడిల టీచరమ్మ. నాలుగు మడతల కాగితం నా చేతుల పెట్టింది. నా అర్జీనే. స్క్రూడ్రైవర్ల డబ్బాల అడుగున ఉండెనట.

"మీకియ్యాల్నా వద్దా అని వారం ఆలోచించిన" అన్నది.

"ఎందుకమ్మా?"

"చదువుండ్రి, మీకే ఎరుకైతది."

అర్జీ మార్జిన్ల, పెద్ద ఆఫీసర్లు ఉత్తర్వు రాసే చోట, చిన్న అక్షరాలతోని రాసున్నది. కింద తారీఖున్నది. నేను అర్జీ ఇచ్చిననాటి తారీఖే. గానాడే రాసి మూడేండ్లు దాసిపెట్టిండు. చదివినంక నేనేం చేసిన్నో ముందే చెప్తున్న, తర్వాత అడుగొద్దు. లేసి కంప్యూటర్ కాడికి పోయిన. ఇన్నేండ్లల్ల ఎన్నడు తెరవని చోటు తెరిచి చూసిన. చెయ్యి లేసింది, అలవాటు. గాని ఏం ముట్టలే, ఏం దిద్దలే. మూసేసి వచ్చి, రెండు చాయలు చెప్పి, టీచరమ్మకొకటిచ్చిన. ఆయన రాసింది ఉన్నదున్నట్టు గిది.

"మున్షీ సాబ్ గారికి. తమరి అర్జీ ముట్టినది, విచారించితిని. ఒకటో సంగతి. పులిహోరకు తమరు పోయినప్పుడు, లోపలిదానికి తమరి పదినే ఉంచి, బయటిదాని నెంబరు నేను ఇరువై చేసిన. చుట్టం పట్టు వదలకుంటె ఇల్లుగలాయననే సర్దుకోమన్న. తమరు లోపలనే చూస్తరు, బయట చూడరు, కావున సాగుతున్నది. రెండో సంగతి. నేను తమరి కాడికి వస్తె నవ్వొస్తది, నవ్వు చూసి తమరు బయట సుత చూస్తరు. అందుకె రాలేదు, చాయ మాత్రం యాదికొస్తది. మూడో సంగతి తమరు అడగలేదు. ఈ జవాబు తమరి చేతికిస్తె, తమరు లేసిపోయి బయటి నెంబరు దిద్దుతరు, నెట్టు బందైతది, మల్ల నన్నే పిలుస్తరు. అందుకని ఇస్తలేను."